నీకెట్లు తెలిసినది?

సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున జనగామ, రఘునాథపల్లి దాటిన పిమ్మట ఘన్‌పూర్ అను స్టేషను వచ్చును. అచటి ఊరిని జనులు స్టేషన్ ఘన్‌పూర్ అని పిలిచెదరు. 2016వ సంవత్సరము వరకు ఇది వరంగల్లు జిల్లాలోనిది. ఆ యేట జిల్లాల పునర్విభజన జరిగినపుడు జనగామ జిల్లాలో చేరినది. ఈ పేరును పలుకని దినము అక్కడి పిల్లలకు ఉండదు. బస్సు పలకలమీద, దుకాణముల నామఫలకములమీద, తమ పుస్తకముల అట్టలమీద దానిని చూచుచునే యుందురు. కాని నిత్యము కన్నులయెదుట నుండు వస్తువును గూర్చి ఆలోచించుట మానవులకు అంతగా అలవాటు లేదు. పెద్దలకు లేదు, పిల్లలకు ఎవరైన అడిగిన గాని తోచదు.

ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో నాలుగవ తరగతి పిల్లలను ఒక ఉపాధ్యాయుడు ఇట్లు అడిగెననుకొందము: “మన ఊరి పేరులో స్టేషన్ అను మాట ఎందుకున్నది?”

ప్రశ్న ముగియక మునుపే నాలుగు చేతులు లేచును. “గీడ రైలు స్టేషన్ ఉన్నది గద సార్, గందుకే!” అని ముందు బల్లమీది బాలుడు చెప్పును. ఆ సమాధానము తప్పు కాదు. “సరి, కూర్చుండుము” అని రెండవ ప్రశ్నకు పోయినచో ఎవరును ఆ ఉపాధ్యాయుని తప్పుపట్టరు. కాని ఆయన అంతటితో విడువక, “రఘునాథపల్లిలో కూడ రైలు స్టేషను కలదు. దానిని స్టేషన్ రఘునాథపల్లి అని ఎవరును అనరేమి?” అని అడుగును.

లేచిన చేతులు దిగిపోవును. తరగతి నిశ్శబ్దమగును.

ఈ నిశ్శబ్దము ఉపాధ్యాయులకు మిక్కిలి కష్టమైనది. పాఠము ఆగిపోయినట్లును, తన ప్రశ్న విఫలమైనట్లును వారికి తోచును. వెంటనే తామే సమాధానము చెప్పివేయుదురు. మేరీ బడ్ రో అను అమెరికా విద్యావేత్త 1970వ దశకమున అనేక తరగతులలోని సంభాషణలను టేపురికార్డరుపై ఎక్కించి, గడియారము పెట్టి పరిశీలించెను. ప్రశ్న వేసిన పిమ్మట ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే వేచియుండుచున్నారని తేలినది. అంతలో సమాధానము రాకున్న మరియొకరిని లేపుట, లేదా ప్రశ్ననే మార్చుట జరుగుచుండెను. ఒక్క సెకనులో జ్ఞాపకమున నున్న మాటను పైకి తీయవచ్చును గాని, జ్ఞాపకమున లేని దానిని ఊహించుట సాధ్యము కాదు. ఆ వ్యవధిని మూడు సెకనులకు పెంచినపుడు పిల్లల సమాధానములు దీర్ఘమైనవి. తామే ప్రశ్నలు వేయుట హెచ్చినది. మందబుద్ధులని పేరుపడినవారు సైతము నోరు విప్పిరి. మూడు సెకనులనగా ఎంత? ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కించునంత కాలము. అది పిల్లలకు దొరకకపోవుటచే ఎందరి తెలివి వెలికిరాక మిగిలిపోయినదో యెవరు చెప్పగలరు?

మన ఉపాధ్యాయుడు మూడు సెకనులే కాదు, ఇంకను ఎక్కువ సేపే ఓపికపట్టును. అపుడు వెనుక వరుసలోని ఒక బాలిక, సందేహించుచునే, “ఇంకో ఘన్‌పూర్ ఉన్నది సార్. మా చిన్నమ్మోళ్లది గా ఊరే. గాడ పాత గుళ్లుంటయ్” అనును. నిజమే. ములుగు వైపున కాకతీయులకాలపు కోటగుళ్లు గల ఘన్‌పూర్ మరియొకటి కలదు. ఒకప్పుడు ఈ రెండును వరంగల్లు జిల్లాలోనే యుండుటచే, ప్రభుత్వ పత్రములలో ఒకదానిని ఘన్‌పూర్ (స్టేషన్) అనియు, రెండవదానిని ఘన్‌పూర్ (ములుగు) అనియు వ్రాయుచుండిరి. రఘునాథపల్లికి అట్టి చిక్కు రాలేదు. స్టేషను ఉండుట మాత్రమే కారణము కాదు. ఒకే పేరు రెండు ఊళ్లకు ఉండుట అసలు కారణము. స్టేషను ఆ రెంటిని వేరుచేయు గుర్తు. మొదటి బాలుని సమాధానము సగము. బాలిక సమాధానముతో అది నిండినది.

“అట్లయిన, కాకతీయుల కాలమున ఈ ఊరిని స్టేషన్ ఘన్‌పూర్ అని పిలిచియుందురా?” అని ఉపాధ్యాయుడు మరల అడుగును. తరగతియంతయు నవ్వును. ఈ నవ్వు విలువైనది. కాకతీయుల కాలమున రైళ్లు లేవు. రైలు లేనిదే స్టేషను లేదు. స్టేషను లేనిదే ఆ పేరు లేదు. ఈ మూడు మెట్లను ఎక్కినవారే ఆ ప్రశ్నకు నవ్వగలరు. సికింద్రాబాదునుండి ఓరుగల్లు వరకు రైలుమార్గము 1886 నాటికిని, బెజవాడ వరకు 1889 నాటికిని ఏర్పడినవి. కావున ఊరు ఎంత ప్రాచీనమైనదైనను, దాని పేరులోని మొదటి మాట అంతకంటె పాతది కానేరదు. చరిత్రకారులు శాసనముల కాలము నిర్ణయించునది కూడ ఇట్టి తర్కముచేతనే. నాలుగవ తరగతి పిల్లలు ఆ పనిని, పేరు తెలియకయే, చేసియున్నారు.

ఆలోచించుట నేర్పుటకు కాలపట్టికలో ప్రత్యేకముగా ఒక గంట కేటాయింపనక్కరలేదు. భాష, గణితము, పరిసరముల విజ్ఞానము అనువానిలో ఏది జరుగుచున్నను, “నీకెట్లు తెలిసినది?” అను ఒక్క ప్రశ్న ఆ పాఠమును మార్చివేయును. అయితే ఈ ప్రశ్నను తప్పు చెప్పినవానినే అడుగుట మన బడులలో ఆచారమైపోయినది. అందుచే ఆ మాట వినగానే పిల్లవాడు తాను తప్పు చెప్పితినని గ్రహించి భయపడును. ఒప్పు చెప్పినవానిని కూడ అడిగిననాడు గాని ఆ భయము పోదు.

గణితమున ఒక ఉదాహరణము చూడుడు. మూడవ తరగతి బాలికయొకతె పలకమీద 42నుండి 17 తీసివేసి 35 అని వ్రాసినది. ఎర్ర గీత గీసి పలక తిరిగి యిచ్చుట సులభము. “ఇది ఎట్లు వచ్చినది?” అని అడిగినచో ఆమె ఇట్లు చెప్పును: “రెండుల నుంచి ఏడు పోదు సార్. గందుకే ఏడుల నుంచి రెండు తీసిన.” ఇది పరధ్యానము కాదు, సోమరితనము కాదు. పెద్ద సంఖ్యనుండియే చిన్న సంఖ్యను తీయవలెనని మొదటి తరగతిలో నేర్చిన నియమమును ఆమె విధేయతతో పాటించినది. నియమము యొక్క హద్దు మాత్రము ఆమెకు తెలియదు. “నీకడ నలుబది రెండు రూపాయలున్నవి. పదిహేడు రూపాయల సబ్బు కొన్నచో ముప్పదియైదు మిగులునా?” అని అడిగినచో, ఆమె వ్రేళ్లు మడిచి, “కాదు, ఇరువై ఐదే” అని వెంటనే చెప్పును. పలకమీది లెక్క వేరు, దుకాణములోని లెక్క వేరు అని ఆమె ఇంతకాలము అనుకొనుచుండినది.

ఈ విడ్డూరము మన పల్లెలకే పరిమితము కాదు. బ్రెజిల్ దేశమందలి రెసీఫె నగరమున వీధులలో పండ్లు, కొబ్బరికాయలు అమ్ముకొను ఐదుగురు పిల్లలను కొందరు పరిశోధకులు పరీక్షించి, ఆ ఫలితములను 1985లో ప్రకటించిరి. బేరము చేయుచు లెక్క అడిగినపుడు వారు నూటికి 98 వంతులు సరిగా చెప్పిరి. అవే లెక్కలను కాగితముపై అంకెలుగా ఇచ్చినపుడు నూటికి 37 వంతులు మాత్రమే సరియైనవి. ఒక బాలుని, ముప్పదియైదు చొప్పున పది కాయలకు వెల ఎంతయని అడుగగా, అతడు మూడు కాయలకు 105, ఆరింటికి 210, తొమ్మిదింటికి 315, పదింటికి 350 అని కూడుకొనుచు వచ్చెను. పదిచే హెచ్చించునపుడు చివర సున్న చేర్చవలెనను కిటుకు అతనికి బడి నేర్పలేదో, నేర్పినను అది అంగడిలో పనికివచ్చునని అతనికి తోచలేదో! అతని పద్ధతి పొడుగైనదే. కాని ప్రతి అడుగును అతనికి తెలిసినది.

దీనికి వ్యతిరేకమైన సంగతి ఫ్రాన్సు దేశమున జరిగినది. గ్రెనోబుల్ నగరమందలి గణితోపాధ్యాయులు 1980 ప్రాంతమున చిన్నతరగతుల పిల్లలకు ఒక వింతలెక్క ఇచ్చిరి. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నవి. ఓడ నడపు నాయకుని వయస్సెంత? 97 మంది పిల్లలలో 76 మంది ఇచ్చిన సంఖ్యలను ఏదో యొక విధముగా కలిపి ఒక సమాధానము వ్రాసిరి. బుద్ధిహీనులై కాదు. బడిలో ఇచ్చు ప్రతి లెక్కకును సమాధానముండునని, ఇచ్చిన అంకెలన్నిటిని వాడి తీరవలెనని వారికి అనుభవము నేర్పినది. ఇదే లెక్కను గొర్రెల కాపరుల ఇండ్లనుండి వచ్చు మన పిల్లలకు మంద దగ్గర నిలిచియున్నపుడు వేసినచో, “గొర్రెలను లెక్కపెడితే కాపరి వయసు తెలుస్తదా?” అని ఎదురు ప్రశ్న వేయకమానరు. తరగతి గడప దాటి లోనికి వచ్చిన పిమ్మట ఆ ధైర్యము వారికి ఎందుకు తగ్గవలెను?

దీనికి గల కారణములలో ఒకటి భాష. వేసవిలో చెరువునీరు ఎందుకు తగ్గునని అడిగినపుడు, ఒక బాలుడు “ఇంకుతయ్ సార్” అనును. మరియొకడు “కాదు, ఎండకు ఇగురుతయ్” అనును. “అట్లనరాదు. నీరు ఆవిరియగును అని చెప్పుడు” అని దిద్దినచో ఇద్దరును నోరు మూసికొందురు. కాని వారి మాటలను చెవియొగ్గి వినినవారికి ఒక ఆశ్చర్యము తోచును. ఇంకుట వేరు, ఇగురుట వేరు. మొదటిది నేలలోనికి పోవుట, రెండవది గాలిలోనికి పోవుట. శాస్త్రజ్ఞులు రెండు వేర్వేరు పేర్లు పెట్టిన రెండు సంగతులను ఆ పిల్లల పలుకుబడి ముందే వేరుచేసి యుంచినది. ఇపుడు తగవు తీర్చుట యెట్లు? మధ్యాహ్న భోజనము పెట్టు స్టీలు పళ్లెములు రెండు తెచ్చి, రెంటియందును ఒక్కొక్క గ్లాసు నీరు పోసి, ఒకటి ఎండలోను, ఒకటి నీడలోను ఉంచవలెను. పళ్లెములో నీరు ఇంకుటకు దారిలేదు. అయినను సాయంకాలమునకు ఎండలోని పళ్లెమున నీరు బాగుగా తగ్గియుండును. “ఇగురుట” నిజమని రెండవవాడు గెలిచినట్లే. కాని మొదటివాడు ఊరకుండక, చెరువు అడుగున స్టీలు లేదు గదా అనును! ఇంకుట లేదని పళ్లెము నిరూపింపలేదు. కావున ఇసుక నింపిన కుండయొకటి, బంకమన్ను నింపిన కుండయొకటి, రెంటికిని అడుగున చిల్లులు పెట్టి, మరునాడు నీరు పోసి చూడవలసివచ్చును. ఆవిరి అను మాటను ఆ పిమ్మట నేర్పినచో అది వారి మనస్సున నిలుచును. ముందే నేర్పినచో నాలుకపై మాత్రమే నిలుచును.

తెలుగుదేశపు బడులలో ఈ దోషము నేటిది కాదు. ఆనాటి మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా కలెక్టరు కాంబెల్ అనునతడు 1823లో తన జిల్లాలోని బడులను గూర్చి ఒక నివేదిక వ్రాసెను. అప్పుడా జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. వానిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుటయు, పై తరగతివారు క్రింది తరగతివారికి నేర్పుటయు అతడు మిక్కిలి మెచ్చుకొనెను. కాని పుస్తకముల భాష పిల్లలు మాటలాడు భాష కాదనియు, పద్యములను గడగడ చదువుటయే గాని వాని అర్థము పిల్లలకు తెలియదనియు, పలుమారు పంతులుకే తెలియదనియు విచారించెను. అతడు పరదేశీయుడు, మన పద్యముల సొగసును చూడలేకపోయి యుండవచ్చును. అయినను చదువుటకును, తెలిసికొనుటకును నడుమనున్న అగాధమును అతడు సరిగానే గుర్తించెను.

అతడు మెచ్చుకొనిన పద్ధతికి మరియొక కథ యున్నది. మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర శాలకు అధికారిగా నుండిన ఆండ్రూ బెల్ అను దొర, ఈ దేశపు బడిపిల్లలు ఇసుకలో వ్రాయుటను చూచి, తన శాలయందు ఆ పద్ధతిని పెట్టి, పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించెను. 1797లో లండనులో దానిని గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. అది “మద్రాసు పద్ధతి” అను పేరుతో ఇంగ్లండున వ్యాపించినది. ఒక్క ఉపాధ్యాయుడు వందలమందికి వల్లెవేయించుటకు అది అచ్చట బాగుగా ఉపయోగపడెను. పద్ధతి మంచిదే, వల్లెవేయించుటకు వాడినచో దానివలన వచ్చునది వల్లెయే.

ఈ సంగతి నేటి పల్లెబడులకు మిక్కిలి అవసరము. 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము, అరువది మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు మాత్రము ఐదు. ఒకరు సెలవు పెట్టిననాడు ఒక్కరే ఐదు తరగతులను చూడవలెను. ప్రతి బాలుని కడ మూడు సెకనులు ఆగుమని, నీకెట్లు తెలిసినదని అడుగుమని చెప్పుట తేలిక. హాజరుపట్టి, భోజనపు లెక్క, నివేదికలు ముగించి బోధించువారి కష్టము చెప్పువారికి తెలియవలెను. మదనపల్లె సమీపమునగల రిషివ్యాలీ విద్యాకేంద్రము వారు తమ చుట్టుపట్ల పల్లెబడులలో దీనికి ఒక ఉపాయము కనుగొనిరి. పాఠములను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, ఒక నిచ్చెన మెట్లవలె అమర్చి, ఎవరి మెట్టు మీద వారు పనిచేయునట్లు ఏర్పాటు చేసిరి. కొన్ని మెట్లు ఒంటరిగా, కొన్ని తోటివారితో, కొన్ని ఉపాధ్యాయునితో ఎక్కవలసినవి. ఉపాధ్యాయుడు అందరికి ఒక్కసారి చెప్పవలసిన భారము తగ్గి, ఒక్కొక్కరి కడ కూర్చుండి వినుటకు తీరిక చిక్కినది. ఐదవ తరగతి బాలుడు రెండవ తరగతివానికి తీసివేత నేర్పవలసివచ్చినపుడు, “రెండుల నుంచి ఏడు ఎందుకు పోదు?” అని ఆ చిన్నవాడు అడిగినచో, పెద్దవాడు తడబడి మరల తానే నేర్చుకొనును.

ప్రభుత్వమును ఊరకుండలేదు. 1984లో బ్రిటిషువారి సహాయముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము, పిల్లలు చేసి నేర్చుకొనవలెననియు, పరిసరములనే పాఠముగా వాడవలెననియు, పిల్లల పనిని గోడలమీద ప్రదర్శింపవలెననియు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను. పిమ్మట వచ్చిన పాఠ్యపుస్తకములలో “ఆలోచించండి, చర్చించండి” అను శీర్షికలు చేరినవి. కాని వానికి సమాధానములను వ్రాసి అచ్చువేసిన గైడులు కూడ వెంటనే అంగళ్లలోనికి వచ్చినవి. చర్చింపవలసినదానిని కొనితెచ్చుకొని వల్లెవేయు విద్యార్థిని చూచినచో, గ్రెనోబుల్‌లోని ఓడ నాయకుడు జ్ఞాపకమునకు వచ్చును.

ఇక స్టేషన్ ఘన్‌పూర్ తరగతికి మరలుదము. మరునాడు ఉదయము, మొదట చేయి ఎత్తిన బాలుడు మరల చేయి ఎత్తును. ముందటి సాయంకాలము అతడు స్టేషనుకు పోయి చూచివచ్చినాడు. “సార్, స్టేషన్ బోర్డు మీద ఉత్త ఘన్‌పూర్ అనే ఉన్నది. స్టేషన్ అని లేదు!” తరగతిలో కలకలము పుట్టును. స్టేషను వలన ఊరికి వచ్చిన పేరు స్టేషనుకే లేకపోవుట యెట్లు? ఈమారు ఉపాధ్యాయుడు ఏమియు అనడు. సుద్దముక్క చేతబట్టుకొని కిటికీ కడ నిలుచును. కొంతసేపటికి కోటగుళ్ల ఊరి సంగతి చెప్పిన బాలికయే లేచి, “స్టేషన్‌కు ఏం అవసరం సార్? రైలు దిగినోనికి గది స్టేషనే అని తెలుసు గద. ఇంటి లోపల ఉన్నోనికి ఇల్లు అని చెప్తరా?” అనును.

“నీకెట్లు తెలిసినది?” అని ఉపాధ్యాయుడు అడుగును.

ఆమె తడుముకొనదు, భయపడదు. ఉత్తరము వ్రాయువానికి ఏ ఘన్‌పూరో చెప్పవలెననియు, రైలు దిగినవానికి చెప్పనక్కరలేదనియు వివరించును. అంతలో వెనుకనుండి మరియొకడు లేచి, ఇపుడు రెండు ఘన్‌పూర్లు వేర్వేరు జిల్లాలలోనికి పోయినవి గదా, ఇంకను ఆ మాటతో పనియున్నదా అని అడుగును. కొందరు ఉన్నదందురు, కొందరు లేదందురు. విరామపు గంట మ్రోగినను చాలమంది బయటికి పోరు.